రెండోసారి తుడిచే ఇల్లు

ఎదురింటి రాణిని చూస్తే విజయదుర్గకు కడుపుమంట. ఆదివారం ఉదయం ఆ మంట మరీ ఎక్కువ.

కొత్తపేటలో వాళ్ల అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఆ వేళకు రెండు తలుపులూ బార్లా తెరిచి ఉంటాయి. ఇటు విజయదుర్గ కుచ్చిళ్లు ఎగదోపుకుని తడిగుడ్డతో కుస్తీ పడుతుంటుంది. అటు రాణి మొగుడు జైపాల్ లుంగీ పైకి కట్టి ఇల్లు తుడుస్తుంటాడు. రాణి మాత్రం కోలాటం కర్రలు చేత్తో పట్టుకుని సరూర్‌నగర్‌కు బయల్దేరుతుంది. పదింటికి అక్కడ ఆడవాళ్ల జట్టు సాధన.

"జర ఆగరాదు, తడి ఆరలే!" అని జైపాల్ గదమాయిస్తే, "నేను పోతున్న తియ్, నీ ఇల్లు నువ్వే ఏలుకో" అని నవ్వుతుంది రాణి.

ఆ నవ్వు మెట్లు దిగేదాకా విజయదుర్గకు వినబడుతూనే ఉంటుంది.

విజయదుర్గకూ కోలాటం వచ్చు. పెళ్లికి ముందు తణుకులో ఆమె లేనిదే జట్టు కట్టేవారు కాదు. ఇరవై రెండేళ్ల కిందట దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దింట కాపురం పెట్టాక మళ్లీ కర్రలు పట్టలేదు. ఇప్పుడు రాణి జట్టులో ఒక మనిషి తగ్గింది. విజయదుర్గను రమ్మని పిలిచి, వచ్చే ఆదివారం కూడా రాకపోతే ఇంకెవరినో తీసుకుంటామని రాణి చెప్పేసింది.

"మా ఇంట్లోనూ చేసేవాళ్లుంటే నేనూ వెళ్లేదాన్నే" అంది విజయదుర్గ, భర్తకు వినబడేలా.

రామమోహనరావు పేపరు మడిచాడు. "నేను చెయ్యనన్నానా? నేను తుడిచిన గది వెనకాలే నువ్వు మళ్లీ తుడుస్తావు. మొన్న సింధూర తోమిన కుక్కరేమైందో అడుగు."

"నా కళ్లముందే మళ్లీ తోమింది నాన్నా" అంది కూతురు సింధూర.

"అడుగున జిడ్డుందే!"

"నాకు చెప్తే నేనే తోమేదాన్నిగా?"

విజయదుర్గ పుట్టింట్లో పనిమనిషి తోమిన గిన్నెలను వాళ్లమ్మ మళ్లీ తొలిచాకే వంటింట్లోకి రానిచ్చేది. ఆ అలవాటు ఆమెకు అమ్మ నగలకన్నా ముందే దక్కింది.

సాయంత్రం గోంగూర పచ్చడి గిన్నె పట్టుకుని రాణి ఇంటికి వెళ్లింది. పచ్చడి వంక మాత్రమే. మగాడు తుడిచిన ఇల్లు ఏపాటిదో చూడాలి. సోఫా కింద బారెడు దుమ్ము, దాని మీద పల్లీల పొట్టు! ఆమె ప్రాణం లేచొచ్చింది.

"మీవారు సోఫా కింద చూసుకోలేదు రాణీ" అంది జాలిగా.

"ఎరికే అక్కా. గా జాగ ఎప్పుడూ ఇడిచిపెడ్తడు" అంది రాణి కాళ్లు చాపుకుంటూ. "నేనందుకుని ఊడ్చిననుకో, రేపటి సంది చీపురు నా చేతికే ఒస్తది. ఆయనకే చెప్త, ఆయనే ఊడుస్తడు."

వచ్చిన ఆనందం ఇంటి గడప దాటేలోపే ఆవిరైంది. ఇన్నాళ్లూ రాణి మొగుణ్ణి చూసి కుళ్లుకుంది. ఇప్పుడు, దుమ్ము కనిపిస్తున్నా కదలకుండా కూర్చోగల ఆ నిబ్బరాన్ని చూసి కుళ్లుకుంది. అది ఇంకా బాధగా ఉంది.

మళ్లీ ఆదివారం వచ్చింది. రామమోహనరావు అరబకెట్టు నీళ్లు వంటింట్లో పారబోసి గుడ్డ అటూ ఇటూ లాగాడు. గచ్చు మీద తెల్లటి చారలు తేలాయి. విజయదుర్గ చెయ్యి దానంతటదే గుడ్డ వైపు వెళ్లింది.

ఆయన గుడ్డ వెనక్కి దాచాడు. "ఎక్కడ బాగాలేదో చెప్పు. ఇది మాత్రం ఇవ్వను."

గడియారం పది కావడానికి పావుగంట తక్కువ చూపిస్తోంది. ఎదురింటి గుమ్మంలో రాణి చెప్పులు తొడుక్కుంటోంది. ఇంకాసేపట్లో ఆ ఖాళీ ఇంకెవరిదో అవుతుంది.

"స్టవ్ కింద... ఆ చారలు కూడా" అని గబగబా చెప్పి, విజయదుర్గ వెనక్కి చూడకుండా బయటపడింది.

సాధనలో మొదటి రెండు పాటలకు అడుగులు తడబడ్డాయి. మూడో పాటకు ఒళ్లు తేలికపడింది. అప్పుడుగానీ గమనించలేదు, అడుగులు చెప్పేది రాణే, అందరూ చూసేది రాణి వంకే.

"ఏందక్కా, గంత గట్టిగ కొడ్తున్నవ్? కర్ర ఇరుగుతది!" అంది ఎదురుగా ఉన్న రాణి.

"చాలాకాలమైంది కదమ్మా" అని నవ్వి, విజయదుర్గ ఇంకాస్త గట్టిగా కొట్టింది.