214 నంబరు కోటు

నేను దెయ్యాలను నమ్మను. ఇది రాసి ముగించాక కూడా నమ్మకపోవచ్చు. ఇరవై ఏళ్ళు నర్సుగా చేశాను. మార్చురీ పక్క గదిలో కూర్చుని అన్నం తిన్న రోజులున్నాయి. పోయినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. ఒక్కరు వస్తే బాగుండునని మాత్రం రెండేళ్ళుగా అనుకుంటున్నాను.

ఆయన నా భర్త. గుడివాడలో స్కూల్ టీచరు. ఒక ఉదయం గుండెల్లో పట్టేసినట్టుందన్నారు. సోడా తాగి, గ్యాసేలే అని బడికి వెళ్ళారు. నేను డ్యూటీకి వచ్చేశాను. మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరాయివాళ్ళ చేతులకు బీపీ పట్టీ చుట్టే నేను ఆయన చేతికి ఒక్కసారీ చుట్టలేదు.

మచిలీపట్నం దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో ఫస్ట్ ఎయిడ్ గది నాది. అక్కడ పనిచేసేవాళ్ళందరికీ తెల్లకోటు, టోపీ, మాస్కు. కోటు మీద నంబరుంటుంది. నేను నంబరు చూస్తాను, చెయ్యి చూస్తాను, మీటరు చూస్తాను, రిజిస్టర్లో రాస్తాను. పేర్లు అరుదుగా గుర్తుంటాయి.

సీజను మొదలయ్యే ముందు, కోల్డ్ స్టోరేజీలో పెట్టెలు మోసేవాళ్ళకు బీపీ, ఈసీజీ చూస్తాం. తేడా ఉంటే ఆ చలిలోకి పంపకూడదు. పంపకపోతే వాళ్ళకు పని ఉండదు. అందుకని ఈ పరీక్షలంటే వాళ్ళకు భయం.

పోయిన సీజన్లో ఒక ఉదయం, పదిన్నరప్పుడు, 214 నంబరు కోటు వేసుకున్న మనిషి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కుడిచెయ్యి చాపాడు. బీపీ పట్టీ చుట్టాను. నూట ఎనభై ఆరు, నూట పన్నెండు. రాసుకున్నాను. మాత్ర తీయడానికి బీరువా వైపు తిరిగాను. మళ్ళీ చూసేసరికి మనిషి లేడు.

పని పోతుందని భయపడి వెళ్ళిపోయాడనుకున్నాను. విసుగొచ్చింది. రెండు వారాల కిందటి పరీక్షలో అదే నంబరుకు అన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత చూద్దాంలే అని టీ ఫ్లాస్కు మూత తీశాను. ఎందుకో మళ్ళీ పెట్టేసి బయల్దేరాను.

214 అంటే నాంచారయ్య. దివిసీమవాడు, నలభై దాటాయి. నేను వెళ్ళేసరికి లారీలోకి పెట్టెలు ఎక్కిస్తున్నాడు. నా గదికొచ్చి చెప్పకుండా వెళ్ళిపోయావేమని అడిగాను.

"నేనెక్కడికొచ్చానండీ? పొద్దున్నుంచీ ఈ మంచులోనే ఉన్నాను."

మేస్త్రీ నవ్వాడు. "సిస్టర్ గారికి ఇవాళ బేరాల్లేవురా. వెళ్ళి ఓ సూది పొడిపించుకునిరా."

మిగతావాళ్ళూ అదే చెప్పారు. అతను అక్కడినుంచి కదల్లేదట. నేనే నంబరు తప్పు చూశానేమో అనుకుని వెనక్కి తిరగబోయాను. అప్పుడు అతను అరచేత్తో గుండెల మీద రుద్దుకోవడం కనిపించింది.

"ఏమైంది?"

"గ్యాసండీ. రాత్రి పీతల పులుసు కాస్త ఎక్కువైంది."

"మా ఇంట్లోనూ గ్యాసే అన్నారు. నడువు."

ఆ మాట అంత గట్టిగా ఎందుకన్నానో తెలియదు. మేస్త్రీ నవ్వు ఆపేశాడు. నాంచారయ్య పెట్టె దించి నా వెంట వచ్చాడు.

పట్టీ చుట్టాను. నూట ఎనభై ఆరు, నూట పన్నెండు. అవే అంకెలు. అయితే అతని చెయ్యి మంచుగడ్డలా ఉంది. ఇందాక నేను పట్టుకున్న చెయ్యి వెచ్చగా ఉంది.

అతనికి చెమటలు మొదలయ్యాయి. వ్యానులో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. గుండెకు వెళ్ళే రక్తనాళం ఒకటి దాదాపు మూసుకుపోయిందన్నారు. స్టెంటు వేశారు. బతికాడు.

మూడోరోజు చూడ్డానికి వెళితే నిజం చెప్పాడు. పరీక్షరోజు కోటు, మాస్కు తగిలించి తన బావమరిదిని పంపాడట. వాళ్ళావిడ మంచం పక్కనే ఉంది.

"చెయ్యి కూడా అరువు తెచ్చుకున్నావంటయ్యా? మరి గుండె కూడా వాడిదే తెచ్చుకోకపోయావా!" అంది. అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఈసారి వచ్చిందీ ఆ బావమరిదేనేమో అనుకున్నాను. అతను ఆరోజు పాలకాయతిప్ప అవతల సముద్రంలో వేటలో ఉన్నాడు. 214 కోటు నాంచారయ్య ఒంటిమీదే ఉంది. వరండాలో కెమెరా ఉంది. నేను బయటికి వెళ్ళడం అందులో కనిపిస్తుంది. అంతకుముందు నా గదిలోకి ఎవరూ రావడం కనిపించదు. భ్రమపడ్డానంటే ఒప్పుకుంటాను, నిద్రలేని మనిషిని. కానీ భ్రమకు ఆ అంకెలు ఎలా తెలుస్తాయి?

నాంచారయ్యకు ఇప్పుడు గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు. మొన్న నేను లోపలికి వెళ్తుంటే లేచి నిలబడ్డాడు.

"సిస్టర్ గారూ, ఏమనుకోకండి. ఆరోజు వచ్చింది మీ సారేమోనండీ?"

"తెలియదు నాంచారయ్యా."

"మాస్కున్నా కళ్ళు కనపడతాయి కదండీ. చూడలేదా?"

చూడలేదన్నాను. ఎవరు అడిగినా నేను చెప్పగలిగింది అంతే.