జవేరియాకు ఫర్గస్ పెట్టిన పేరు

2024 అక్టోబర్ 17, గురువారం, ఉదయం 6 గంటల 40 నిమిషాలు. జర్మనీలోని క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్ ఊరి దగ్గరి కొండలో రెండు వైపుల నుంచీ తవ్వుకొస్తున్న నీటి సొరంగంలో, మధ్యన మిగిలిన రాయి రెండు మీటర్లకు తక్కువ. రెండు తవ్వకాలూ ఒకే గీత మీద కలిసేలా చూడవలసిన సర్వేయరు జవేరియా. ఆమె కొత్తగూడెం బొగ్గుగని కార్మికుని కూతురు. గని సర్వేలో పట్టా ఈ ఊళ్లోనే పుచ్చుకున్నది.

వేసవిలో ఆమె ఉత్తరపు తవ్వకం దిశను కొద్దిగా మార్పించింది. గోడ పక్కన గాలి వెచ్చబడి, కొలతకు వాడే కాంతిరేఖ వంగుతున్నదనీ, కాంతితో పనిలేకుండా ఉత్తర దిక్కును పట్టే గైరో పరికరం చూపిన దిశే సరైనదనీ ఆమె వాదన. స్కాట్లండ్ నుంచి వచ్చిన ముసలి మేస్త్రీ ఫర్గస్ ఒప్పుకోలేదు. ఆమె లెక్క తప్పితే సొరంగం వంకరపోతుంది, ఉద్యోగమూ పోతుంది. సొరంగంలో ఆడమనిషి అడుగుపెడితే కీడన్న పాత నమ్మకాన్ని కూడా జోడించి, అతడామెకు ‘వాన్‌చాన్సీ’ అని పేరు పెట్టాడు. అది అతని అమ్మమ్మ వాడిన స్కాట్లండ్ మాట, అచ్చిరానిదని అర్థం.

జవేరియా కోపగించుకోలేదు. కొలతకైనా మాటకైనా మూలం చూడనిదే ఆమె ఊరుకోదు. నిఘంటువు తీసింది. ‘వాన్’ అంటే లేమి. పిచ్చికి జర్మన్లు వాడే ‘వాన్‌సిన్’ అనే మాట మొదటి సగంగా అది నేటికీ ఉన్నది. ‘చాన్స్’ ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని వెనుక ఉన్నది ‘పడు’ అనే లాటిన్ క్రియ. పాచికలు పడిన తీరునూ ఒకప్పుడు ఆ మాటతోనే చెప్పేవారు. ఆ మధ్యాహ్నమే భోజనాల దగ్గర ఫర్గస్‌కు ఇదంతా వివరించి, తాను పాచికలు వేయలేదని, కొలిచానని ముగించింది.

ఈ గురువారం ఉదయం ఆమె పక్కన నిలబడ్డవాడు యంత్రాల ఇంజినీరు రవికిరణ్, కరీంనగర్ మనిషి.

“ముసలాయన పందెం కట్టిండు జవేరియా. మూరెడు తప్పుతదట.”

“కట్టనియ్. ఎవరి మూర? ఆయనదా, నాదా?”

“నీకు భయమైతలేదా?”

“అయితుంది. భయపడితే కొలత మారుతదా?”

పదకొండు దాటాక రాయి పగిలి అవతలి దీపాలు కనిపించాయి. దారి వెడల్పయింది. రెండు గోడలూ కలిసినచోట ఫర్గస్ అరచేయి పెట్టి తడిమాడు, మళ్లీ తడిమాడు. తర్వాత హెల్మెట్ తీసి పక్కకు జరిగాడు.

“ముందు నువ్వు నడువమ్మా” అన్నాడు.

ఆమె అవతలికి నడిచి, కొలత కాంతిని తిప్పి పంపే ప్రిజం నిలబెట్టింది. రెండుసార్లు కొలిచి పరికరం తెరను అతని వైపు తిప్పింది.

రెండు తవ్వకాల మధ్య అడ్డు తేడా 11 మిల్లీమీటర్లు.