నాలుగో జవాబు కోసం అనంతపురం దాకా

మా తమ్ముడు ఓబులేసుకు వికలాంగుల పింఛను అడగాలని నాయన అనుకున్నది డబ్బు కోసం ఒక్కటే కాదు. తమ్ముడికి అప్పటికే ముప్పై దాటింది. రేషన్ కార్డులో తప్ప వాడి పేరు ఎక్కడా లేదు. "వాని పేరుతో నెలనెలా ఏదో ఒకటి వస్తాంటే, రేపు నేను లేకపోయినా వాడు ఉండాడని సర్కారుకు తెలుస్తాది" అన్నాడు నాయన. వాడిది ఆటిజం అని బెంగళూరు ఆసుపత్రిలో చెప్పారు. మా ఊళ్లో ఆ మాట ఎవరికీ తెలియదు. తమ్ముడికి నోట మాట వస్తుంది కానీ ఎదుటివాళ్లు అన్నదే తిరిగి అంటాడు. నన్ను ఎన్నడూ అక్కా అని పిలవలేదు. నేను పెళ్లై పామిడిలో బట్టలు కుట్టుకుంటూ ఉంటాను. పుట్టింటికి పోయినప్పుడల్లా వాకిట్లో చెప్పులు విడిచి, ఎందుకో తెలియకుండానే కాసేపు ఆగేదాన్ని.

పింఛనుకు డాక్టర్ల ధ్రువపత్రం కావాలి. దానికోసం అనంతపురంలో శిబిరం పెట్టారని తెలిసింది. నాయన ప్రతి సాయంత్రం విత్తనానికి శనక్కాయలు ఒలుస్తూ తమ్ముడికి నాలుగు జవాబులు నేర్పాడు. నీ పేరేమి, ఏ ఊరు, నాయన పేరేమి, ఈమె ఎవరు. "ఆఫీసర్ల ముందర తడబడకుండా చెప్పల్ల. లేకుంటే పిచ్చోడనుకుంటారు" అనేవాడు. తీరా ఆ వారంలోనే వాన పడింది. పదునులో విత్తనం వేయకపోతే ఆ ఏడాదికి ఇంకేమీ లేదు కాబట్టి నాయన విత్తే గొర్రు కట్టుకుని చేనికి పోయాడు. ముందురోజే పుట్టింటికి వచ్చి, తమ్ముణ్ణి తీసుకుని నేను బయలుదేరాను.

మా నల్లగుట్లపల్లి నుంచి పామిడికి షేర్ ఆటో ఉంటుంది, మనిషికి ఐదు రూపాయలు. పొద్దున ఆరింటికి మస్తాన్ ఆటో వచ్చింది. తమ్ముడి ఉతికిన తెల్లచొక్కా, నూనె పెట్టి దువ్విన తల చూసి అతను నవ్వాడు.

"ఏమప్పా ఓబులేసూ, పెండ్లిచూపులకా?"

"పెండ్లిచూపులకా" అన్నాడు తమ్ముడు.

"చూడక్కా, ఔనంటాండాడు! నాకొక మాట చెప్పొద్దా?"

"వాడు నువ్వన్నదే అన్నాడులే. హారన్ మాత్రం కొట్టొద్దు మస్తానూ, వాడు ఓర్చుకోలేడు."

"కొట్టనక్కా. గొర్రెలకు నోటితోనే చెప్తా" అని దారంతా హోయ్ హోయ్ అని అరుస్తూ నడిపాడు. తమ్ముడు కూడా హోయ్ అన్నాడు.

పామిడిలో ఏడింటి బస్సు ఎక్కాం. గార్లదిన్నె మీదుగా అనంతపురానికి గంట ప్రయాణం. రోడ్డుకు రెండు వైపులా తడిసిన ఎర్రనేలలో విత్తనం గొర్లు నడుస్తున్నాయి. బస్సులో నాయన అడిగినట్టే మొదటి నుంచి ఒక్కొక్కటే అడిగి చూశాను. నాలుగోది "ఈమె ఎవరు?" అని నన్ను నేనే చూపించుకుని అడిగాను. "మా అక్క" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. నేర్పిన మాటే అని నాకు తెలుసు. అయినా గార్లదిన్నె వచ్చేలోపు మళ్లీ రెండుసార్లు అడిగాను.

ఆసుపత్రి ఎదురుగా బండి మీద బొరుగుల ఉగ్గాని తిన్నాం. తమ్ముడు బజ్జీ తగిలిన ఉగ్గాని తినడు, ప్లేటు పక్కకు తోసేశాడు. బండి ఆమె గొణుక్కుంటూనే వేరే ప్లేట్లో పెట్టి, "మా ఇంటాయన కంటే ఈయప్పే నయం. ఏం కావాల్లో గట్టిగా చెప్తాండాడు" అంది.

మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం రెండైంది. డాక్టరు పెద్దవయసు మనిషి, ఓపిక ఉన్నవాడు. తలెత్తకుండానే "నీ పేరేమి?" అన్నాడు. తర్వాత ఊరు, నాయన పేరు; నల్లగుట్లపల్లి అన్నాడు, నారప్ప అన్నాడు. చివరికి నా వైపు పెన్ను చూపించి "ఈమె ఎవరు?" అన్నాడు. తమ్ముడు ఒక్కచోట కూడా తప్పలేదు. "మా అక్క" అన్నప్పుడు ఆ గదిలో అందరూ విన్నారు. నేను నిటారుగా కూర్చున్నాను.

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "బాగానే చెప్తున్నాడు కదమ్మా. దీనికి పత్రం ఎట్లా ఇచ్చేది?"

వాడికి ఏమీ తెలియదని అనిపించుకోవడానికి వచ్చి, అన్నీ తెలుసని చూపించామని అప్పుడు అర్థమైంది. వెనక మనిషి కుర్చీ జరుపుతున్నాడు. అవి నేర్పిన జవాబులని చూపించడానికి దారి ఒకటే ఉంది. చివరికి, "సార్, అవే ప్రశ్నలు కింద నుంచి అడగండి" అన్నాను.

"ఈమె ఎవరు?"

"ఓబులేసు."

"మీ నాయన పేరు?"

"నల్లగుట్లపల్లి."

"ఏ ఊరు?"

"నారప్ప."

"నీ పేరేమి?"

"మా అక్క."

వెనక ఎవరో నవ్వారు. డాక్టరు నవ్వలేదు. తమ్ముడి స్నానం, తిండి, బట్టల గురించి చాలాసేపు నన్ను అడిగి రాసుకున్నాడు. ఆటిజం అని రాయడానికి ఆ పత్రంలో చోటు లేదని, బుద్ధిమాంద్యం కింద రాస్తానని చెప్పాడు. సరే అన్నాను.

చీకటి పడే వేళకు ఊరు చేరాం. నాయన కాళ్లకు ఎర్రమన్ను ఆరనే లేదు. "అన్నీ చెప్పినాడా?" అన్నాడు.

"చెప్పినాడు నాయనా."

"పత్రం?"

"ఇస్తారంట."

"నేను చెప్పలే!" అన్నాడు నాయన. తమ్ముడి తెల్లచొక్కా తనే విప్పి దండెం మీద వేశాడు. కింద నుంచి అడిగిన సంగతి నేను చెప్పలేదు.

కొన్ని నెలలకు పింఛను మొదలైంది. వేలిముద్ర వేయడానికి నాయనే వాణ్ణి తీసుకుపోతాడు. నేను ఇప్పటికీ పుట్టింటికి పోతే, వాకిట్లో చెప్పులు విడిచి పేరు దగ్గర నుంచి మొదలుపెడతాను. నేరుగా నాలుగోది అడిగితే రాదు. పేరు, ఊరు, నాయన పేరు అన్నీ దాటితేనే అది వస్తుంది. ఒక్కోరోజు మూడోదాని దగ్గరే లేచి పోతాడు. ఆ రోజు అడగకుండా ఊరుకుంటాను.

ఇట్లాంటి మనిషిని తీసుకుని శిబిరానికి పోయేవాళ్లకు ఒక మాట. రోజూ ఇంట్లో ఎట్లా ఉంటే అట్లాగే తీసుకుపోండి, జవాబులు నేర్పకండి. నేర్పాలనిపిస్తే, పత్రం చేతికొచ్చాక నేర్పండి.