పత్తికుప్ప మీద నిద్రపోయిన పిల్ల

2022 మార్చి. గుంటూరులో నేను కౌన్సెలింగ్ చేసే గది ఒక మేడ మీద ఉంది. మిరప కోతల కాలం వచ్చిందంటే ఊరి గాలే మారిపోతుంది. కిటికీ మూసినా ఆ ఘాటు సన్నగా లోపలికి వస్తూనే ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ అవతలివాళ్లు తుమ్ముతారు, నేనూ తుమ్ముతాను, ఇద్దరం నవ్వుకుంటాం. మధ్యాహ్నం ఎండ కిటికీ తెరలోంచి వడకట్టినట్టు నేల మీద పడేసరికి గదంతా కునుకు తీస్తున్నట్టు ఉంటుంది. అలాంటి ఒక మధ్యాహ్నం వచ్చింది ఎస్తేరు. పేరు మార్చి రాస్తున్నాను. రాయమన్నది మాత్రం ఆమే.

అప్పటికి నేను క్లినికల్ సైకాలజిస్టుగా చేరి పదకొండేళ్లు. మేము మందులు రాయం. మాటలతో, కొన్ని పద్ధతులతో మనసుకు చేసే వైద్యం మాది, సైకోథెరపీ అంటారు. ఎస్తేరును పంపించింది ఒక చర్మవ్యాధుల డాక్టరు గారు. చీటీలో రెండే ముక్కలు: "విటిలిగోకి మందులు వాడుతున్నారు. మనిషి మాత్రం కుంగిపోతోంది, చూడండి." విటిలిగో అంటే మనం బొల్లి అనేదే. చర్మంలో రంగు పోయి తెల్లమచ్చలు వస్తాయి. అంటుకోదు, ప్రాణానికి ముప్పూ లేదు.

ముప్ఫై నాలుగేళ్ల మనిషి. అంత ఎండలోనూ పొడుగు చేతుల జాకెట్టు, ముఖమంతా చుట్టుకున్న స్కార్ఫు. కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. వెంట భర్త ఇశ్రాయేలు వచ్చాడు, ఆటో నడుపుతాడు. మంచినీళ్లు ఇస్తే ఆమె తీసుకోలేదు. సంచిలోంచి తన సీసా తీసుకుని తాగింది. లేచి వెళ్లేటప్పుడు కూర్చున్న కుర్చీని కొంగుతో తుడిచింది.

"ఎందుకు తుడిచారు?" అన్నాను.

"నా తర్వాత ఇంకొకళ్లు కూర్చుంటారు కదండీ," అంది.

రెండు మూడుసార్లు వచ్చాక సంగతంతా తెలిసింది. ఇల్లు నల్లపాడు దగ్గర. పదహారో ఏటి నుంచి మిరపకాయల షెడ్డులో పని. తొడిమలు తీస్తుంది, తాలు ఏరుతుంది. ఎర్రటి కాయల్లోంచి రంగు వెలిసి తెల్లబడిన కాయల్ని పక్కన పడేయడాన్ని అలా అంటారు. ఆదివారం చర్చిలో చిన్నపిల్లలకు బైబిలు కథలు చెప్పేది. రాగం తీసి, గొంతులు మార్చి చెప్పేదట, పిల్లలు ఇళ్లకు వెళ్లమంటే వెళ్లేవాళ్లు కాదట. మచ్చలు ముందు వేళ్ల మీద వచ్చాయి, తర్వాత పెదాల చుట్టూ. ఒకరోజు చర్చిలో అందరూ కలిసి భోజనం చేస్తుంటే ఈమె వడ్డిస్తోంది. ఒకామె వచ్చి చేతిలో గరిట మెల్లిగా తీసుకుని, "నువ్వు కూర్చో ఎస్తేరూ, నేను వడ్డిస్తాలే," అంది.

"ఆమె గట్టిగా అని ఉంటే నేనూ గట్టిగా అనేదాన్నండి. ప్రేమగా అంది. ఏం చెయ్యాలో తెలియలేదు," అంది ఎస్తేరు.

ఆ తర్వాతి ఆదివారం నుంచి పిల్లల దగ్గరికి వెళ్లడం మానేసింది. మిగతాది ఇశ్రాయేలు చెప్పాడు. "ఇంట్లో మేమెవరం ఏమీ అనలేదండి, తనే వేరే కంచం పెట్టుకుంది. పాపకి జడ వెయ్యడం కూడా మానేసింది. దానికి తొమ్మిదేళ్లు. 'అమ్మకి నేనంటే కోపమా నాన్నా' అని అడుగుతోంది. ఏం చెప్పను?"

మా పనిలో కోర్ బిలీఫ్ అని ఒక మాట ఉంది. మనిషి తన గురించి లోలోపల గట్టిగా నమ్మే ఒక్క వాక్యం అది. మిగతా ఆలోచనలన్నీ దాన్ని పట్టుకుని వేలాడుతుంటాయి. ఎస్తేరు వాక్యం ఏమిటో వెతుకుతుంటే తనే చెప్పేసింది.

"నేను తాలు కాయనండీ."

"ఎవరు ఏరారు మిమ్మల్ని?"

"ఎవరూ ఏరలేదండి. ఎవరో ఏరేలోపు నేనే పక్కకి జరిగాను."

అంత స్పష్టంగా మాట్లాడే మనిషి దగ్గర నేనొక తెలివితక్కువ పని చేశాను. ఒకరోజు ధైర్యం చేసి స్కార్ఫు తీసింది. చూడగానే నాకు ముచ్చటేసింది, నోరు ఊరుకోలేదు. "ఎంత అందంగా ఉన్నారండీ మీరు!" అనేశాను. ఆమె మళ్లీ స్కార్ఫు చుట్టుకుంది. మూడు వారాలు రాలేదు.

ఫోన్ చేస్తే ఇశ్రాయేలు ఎత్తి, "రానంటోందండి," అన్నాడు. నాలుగో వారం తనే వచ్చింది. కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడి, "మీరు అబద్ధం చెబుతారనుకోలేదు మేడమ్," అంది.

నాకు అది అబద్ధం కాదు. ఆమెకు మాత్రం అది గరిట తీసుకున్నామె ప్రేమ లాంటిదే. క్షమించమని అడిగాను. థెరపిస్టు క్షమాపణ అడగడం ఆమెకు వింతగా అనిపించినట్టుంది. వచ్చి కూర్చుంది.

ఆ రోజు ఇమేజరీ చేద్దామనుకున్నాను. కళ్లు మూసుకుని, ఊపిరి నెమ్మదించాక, మనసుకు హాయిగా ఉన్న ఒక చోటికి వెళ్లడం. అక్కడ కనపడేవి, వినపడేవి పైకి చెబుతూ ఉండాలి. బయట ఎక్కడో ఆటో హారన్ మోగి ఆగింది. ఎస్తేరు గొంతు నెమ్మదిగా మారింది, దూరం నుంచి వస్తున్నట్టు.

"మా ఊరండి, అద్దంకి దగ్గర. పత్తి తీస్తున్నారు. అమ్మ ఒడి నిండా పత్తి. తెచ్చి కుప్ప పోస్తోంది. నేను కుప్ప మీద పడుకున్నాను. వెచ్చగా ఉంది. పైన కొంగలు పోతున్నాయి. అమ్మావాళ్ల మాటలు పాటలాగా వినపడుతున్నాయి. నిద్రొస్తోంది..."

"ఆ పిల్లకు ఎన్నేళ్లు?"

"ఆరు."

"ఇప్పుడున్న మీరు ఆ పిల్ల దగ్గరికి వెళ్లండి. వెళ్లారా?"

"ఊఁ."

"ఆ పిల్ల చేతుల మీద, పెదాల మీద తెల్లమచ్చలున్నాయి అనుకోండి. ఏమంటారు?"

ఎండ కుర్చీ కాలి మీద నుంచి గోడ వైపు జరిగింది.

"ఏమంటానండీ... లే, అన్నం తిందువు రా, అంటాను."

"ఏ కంచంలో పెడతారు?"

మూసిన కళ్లలోంచి నీళ్లు కారాయి. తుడుచుకోలేదు. "నా కంచంలోనే," అంది.

నేనింక మాట్లాడలేదు. మాట్లాడితే పాడుచేస్తానని భయం వేసింది.

తర్వాతి వారం రాగానే చెప్పింది. "ఆదివారం పొద్దున పాపని కూర్చోబెట్టుకున్నానండి. ఏడు నెలలైంది, చేతులు మర్చిపోయాయేమో అనుకున్నాను. మర్చిపోలేదు. సగం జడ వేసేసరికి అది వెనక్కి వాలి నా ఒళ్లో నిద్రపోయింది."

"మరి?"

"నేను కదల్లేదండి. చర్చికి వేళ దాటిపోయినా కదల్లేదు."

అక్కడి నుంచి అంతా సాఫీగా సాగిందని చెప్పను. వానాకాలంలో ఒక కొత్త మచ్చ కనురెప్ప మీదికి వచ్చింది. మళ్లీ కొన్నాళ్లు స్కార్ఫు, మళ్లీ వేరే కంచం. మొదటికొచ్చామని ఆమె ఏడ్చింది, నేనూ లోపల బెదిరాను. మళ్లీ మొదలుపెట్టాం. మాకు బిహేవియరల్ ఎక్స్‌పెరిమెంట్ అని ఒకటుంది. మన భయం ఏం జరుగుతుందంటుందో ముందే కాగితం మీద రాసి, బయటికి వెళ్లి, నిజంగా ఏం జరిగిందో చూసి పక్కన రాసుకోవడం. 'కూరగాయల బజారులో నన్ను చూసి అందరూ దూరం జరుగుతారు' అని రాసింది. ముఖం కప్పుకోకుండా ముందు తను నడిచింది, వెనక కాస్త దూరంలో నేను. కొందరు చూశారు. ఒకాయన తిరిగి తిరిగి చూశాడు. టమోటాల బండి దగ్గర బేరమాడుతున్న ఒక పెద్దామె, "పక్కకి జరుగమ్మా, దారికడ్డం!" అని మోచేత్తో ఎస్తేరును నెట్టుకుని ముందుకెళ్లిపోయింది.

ఎస్తేరు నా వైపు తిరిగింది. కళ్లు ఇంతింత చేసుకుని, "నన్ను నెట్టిందండి మేడమ్!" అంది, ఏదో బహుమతి వచ్చినట్టు. కాగితం మీద కూడా అదే రాసింది.

శీతాకాలంలో చర్చివాళ్లు పిల్లల్ని వాడరేవు తీసుకెళ్లారు. ఎస్తేరు వెళ్లింది. ఆ సంగతి మా ఆఖరి సెషన్‌లో చెప్పింది. పొద్దున మంచు ఇంకా విడలేదట, సముద్రం ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదట, పడవలు గాలిలో వేలాడుతున్నట్టు ఉన్నాయట. ఇసుకలో పిల్లలు చుట్టూ చేరి కథ చెప్పమన్నారు. మొదలుపెట్టింది. మధ్యలో ఒక పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని, "అక్కా, ఇది నాకు అంటుకుంటుందా?" అని అడిగింది. "అంటుకోదు. కావాలంటే ముట్టుకో," అంది. పిల్ల తడి వేలితో మచ్చ అంచు వెంబడి గీత గీసినట్టు చుట్టూ తిప్పింది. అది చూసి ఒకామె లేచొచ్చి ఆ పిల్లను తీసుకెళ్లిపోయింది.

"మీకెలా అనిపించింది?" అన్నాను.

"గుండె కలుక్కుమందండి. ఎందుకు అనదు?" అంది ఎస్తేరు. "కానీ కథ మధ్యలో ఉంది కదండీ. మిగతా పిల్లలందరూ నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు. చెప్పాను. చివరిదాకా చెప్పాను."

మచ్చలు పోలేదు. కొన్ని తగ్గాయి, కొన్ని పెరిగాయి. ఇంక రావక్కర్లేదేమో అని మొదట అన్నది నేను కాదు, ఆమే.

ఆ కేసు నా పనిని మార్చింది. అంతకుముందు ఎవరైనా నా ఎదుట కూర్చుని "నేనెందుకూ పనికిరాను" అంటే, వాళ్లలోని మంచి గుణాలన్నీ గబగబా ఏకరువు పెట్టేదాన్ని, వకీలులా. ఇప్పుడు వాదించను. ఆ మాట మొదట ఎక్కడ విన్నారో అడుగుతాను. తర్వాత ఊరుకుంటాను, వాళ్లే ఏదైనా చెప్పేదాకా. అలా ఊరుకోవడం నేర్చుకోవడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. ఆమె రాకుండా ఉండిపోయిన ఆ మూడు వారాలు కూడా పట్టాయి.