మూడు గిన్నెల యంత్రం

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే చెప్పను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు... నాకే జరిగింది. కరీంనగర్‌లో, సలీం వాళ్ల దుకాణం వెనక గదుల్లో.

మా కాలేజీకి కంప్యూటర్ కొత్తగా వచ్చిన రోజులవి. మనం రాసిన లెక్కను ఆ యంత్రం చేయగలిగే చిన్న చిన్న ఆజ్ఞలుగా మార్చేదాన్ని కంపైలర్ అంటారు. ఎండాకాలం సెలవులు అయ్యేలోగా అలాంటిదొకటి కాగితం మీద తయారు చేయాలి. తప్పయితే యంత్రాన్ని ముట్టుకోనివ్వరు. సరిచూసుకుందామంటే కరీంనగర్‌లో యంత్రమెక్కడిది?

"నేనే యంత్రమైత," అన్నాడు సలీం. నా చిన్ననాటి దోస్తు.

ముందు గదిలో నేను. లోపలి గదిలో మూడు ఇత్తడి గిన్నెలు, గుప్పెడు చింతగింజలతో అతను. మధ్య తలుపు మూసుకున్నాం.

"నీకు తెలివి లేదనుకో. నేను చెప్పిందే చెయ్యాలె," అన్నాను.

"గట్లైతే ఫికరే లేదు. మా అబ్బా రోజు గదే అంటడు."

పొద్దుగూకాక మొదలుపెట్టాం. లెక్కను విడగొట్టి ఒక్కో ఆజ్ఞా గట్టిగా చెప్పేవాణ్ణి. మొదటి గిన్నెలయి తియ్యి. రెండోదాంట్ల కలుపు. ఎన్నో చెప్పు.

"ఏడు," అన్నాడు సలీం. సరిగ్గా ఏడే.

అప్పుడు కరెంటు పోయింది. లోపలి నుంచి సలీం ఏదో అన్నాడు... సరిగా వినబడలేదు. కందిలి వెలిగించుకుని ఇంకో లెక్క చెప్పాను. ఈసారి అతను నోటితో చెప్పలేదు. జవాబు ఎంతో అన్ని గింజలు గిన్నెలో వేశాడు. టక్... టక్... టక్... టక్. నాలుగు. సరైన జవాబే. యంత్రం వేషం బాగా కుదిరిందనుకున్నాను.

చివరిది, తిరిగి తిరిగి చేసే లెక్క.

"ఒక గింజ తీసి రెండో గిన్నెల వెయ్యి. మళ్ల మొదటికి పో."

టక్... టక్... ఎక్కడ ఆగాలో చెప్పే ఆజ్ఞ నా కంపైలర్ ఇవ్వలేదు. ఆ సంగతి చప్పుడు వింటుంటే తట్టింది. అయినా ఉన్నవి గుప్పెడు గింజలు... ఈపాటికి అయిపోవాలి. అయిపోవడం లేదు. టక్... టక్... ఒకే తూకంగా.

"సలీం, చాలు తియ్."

టక్...

"సలీం."

టక్...

నా వెనక వీధి తలుపు తెరుచుకుంది. సలీం. రెండు చేతుల్లో చాయ్ గ్లాసులు.

"గట్ల సూస్తున్నవేంది? చాయ్‌కు పోతున్న అన్న గద, కరెంటు పోంగనే. వెనక తలుపుకు తాళమేసి పోయిన."

అంతలో అతనికీ వినబడింది. టక్... గ్లాసులు కింద పెట్టేసి నా భుజం పట్టుకున్నాడు.

"లోపట ఎవలున్నరు?"

నాకు ఒక్కటే తోచింది. 'చాలు' అనేది ఆజ్ఞ కాదు. అందుకే వినడం లేదు. మూసిన తలుపు వైపు తిరిగి అన్నాను.

"ఆగు."

ఆగింది.

చివరికి తలుపు తోసి కందిలి లోపలికి చాపాను. ఎవరూ లేరు. మూడు గిన్నెలూ బోర్లించి ఉన్నాయి. పక్కనే గింజలు, గుడ్డలో మూటకట్టి.

"నేనే గట్ల పెట్టి పోయిన," అన్నాడు సలీం మెల్లగా.

ఆ రాత్రి దుకాణం ముందు అరుగు మీదే పడుకున్నాం. ఎలుకే అయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పటికీ చెప్పుకుంటాను... అయి ఉండొచ్చు. తెల్లవారుతుండగా సలీం నావైపు తిరిగాడు. అతనికీ నిద్ర లేదు.

"రాజేశం... నువ్వు దాన్ని ఆగుమన్నవ్. పొమ్మనలే."