మూడు పొరల నల్ల కాగితం

2022 శ్రావణం. లింగంపల్లి స్టేషన్ వెనక సందులో, జిరాక్స్ షాపుకీ టిఫిన్ సెంటర్‌కీ మధ్య ఒక షట్టర్ గది నాది. కెమెరా లెన్సులు బాగుచేస్తాను. అంతకుముందు ఇరవై ఏళ్లు కోఠిలో ఇదే పని. ఫిల్ము ల్యాబులు ఒక్కొక్కటే మూతపడ్డాక గిరాకీ సాఫ్ట్‌వేర్ ఆఫీసులున్న వైపు జరిగింది. దాని వెంట నేనూ జరిగాను.

ఆ ఆఫీసుల వాళ్లలో చాలామందికి పాత ఫిల్ము లెన్సుల మీద మోజు. అటక మీద దొరికినవో, జుమేరాత్ బజార్ పాత సామాన్ల సంతలో కొన్నవో తెస్తారు. కొత్త డిజిటల్ కెమెరాకు అవి ఎలా సరిపోతాయని చదివేవాళ్లకు అనుమానం రావచ్చు. పాత కెమెరా లోపల లెన్సుకూ ఫిల్ముకూ మధ్య ఒక అద్దం ఉండేది. దానికోసం కొంత ఖాళీ వదిలేవారు. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఫిల్ము బదులు సెన్సారు అనే పలక ఉంటుంది; ఆ అద్దం లేదు, ఆ ఖాళీ కూడా లేదు. పోయిన ఆ ఖాళీని తిరిగి ఇచ్చే లోహపు గొట్టాన్ని అడాప్టర్ అంటారు. అందులో గాజు గీజు ఏమీ ఉండదు. ఒక వైపు పాత లెన్సు, ఇంకో వైపు కొత్త కెమెరా. ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి.

నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంటుంది. లెన్సు చేతికి రాగానే దాని స్థితి రాసుకుంటాను: బూజు, గీతలు, అంతకుముందు ఎవరైనా విప్పారా. ఇంకొన్ని సంగతులూ రాసుకుంటాను. పదమూడేళ్ల కిందట ఒక సర్వీస్ సెంటర్‌లో ఉద్యోగానికి వెళితే అక్కడి మేనేజర్ నా చేతుల వంక చూసి, "మీరు గడియారాలు బాగుచేసుకుంటే బెటర్ అండీ" అన్నాడు. ఆ రోజు అతను వేసుకున్న చొక్కా రంగుతో సహా రాసి ఉంది. లేత ఆకుపచ్చ.

ఆ శ్రావణంలో ఒక సోమవారం లావణ్య అనే అమ్మాయి వచ్చింది. కోకాపేటలో ఏదో కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. భీమవరం వైపు మాట. రుమాలులోంచి స్క్రూలా తిప్పి బిగించే రకం పాత లెన్సు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"ఫోకస్ రింగు బిగుసుకుపోయిందండీ. అదొక్కటే చూడండి అంకుల్. ఇంకేమీ ముట్టుకోవద్దండీ."

"ముట్టుకోకుంట ఎట్ల బాగైతదమ్మా?"

"రింగు వరకేనండీ. గ్లాసుల జోలికి వెళ్లొద్దు. ఆదివారం చాలా ముఖ్యమైన పని ఉంది దీంతో."

కారణం చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగి ఉండాల్సిందని ఇప్పుడు తెలుస్తోంది. ఆ పూట నా చెవుల్లో ఒక్క మాటే మోగుతూ ఉండిపోయింది. ముట్టుకోవద్దట. ఈ పనిలో పుట్టిపెరిగినట్టు బతికిన నాకు, నిన్న మొన్నటి పిల్ల హద్దు గీసింది.

గురువారం పనికి కూర్చున్నాను. రింగు సమస్య చిన్నదే. లోపల మరల గొట్టాలు ఒకదాంట్లో ఒకటి తిరుగుతాయి. దాన్ని హెలికాయిడ్ అంటారు. ఏళ్ల కిందటి గ్రీజు ఎండి మైనంలా గట్టిపడింది. కడిగి కొత్త గ్రీజు వేస్తే వెన్నలా తిరిగింది. అక్కడ ఆపేయాల్సింది. అలవాటుకొద్దీ కెమెరాకు తగిలించి ఒక ఫొటో తీశాను. నడిమధ్యలో చక్కగా ఉంది. చుట్టూ మాత్రం నీళ్లలో తడిసిన రంగు బొమ్మలా కరిగిపోయింది.

ముందు రింగు విప్పి చూస్తే సంగతి తెలిసింది. ముందు గ్లాసు ఉబ్బెత్తు వైపు బయటికి ఉండాలి, ఇందులో లోపలికి ఉంది. దాని కింద ఉంగరంలా కత్తిరించిన నల్ల కాగితం. నాకు నవ్వొచ్చింది. ఎవడో విప్పి, తిప్పి పెట్టి, వదులైతే కాగితం దోపాడు. దీన్నా ముట్టుకోవద్దన్నది! కాగితం తీసి చెత్తబుట్టలో వేశాను. గ్లాసు తుడిచి సరైన వైపుకు తిప్పి బిగించాను. నోట్‌బుక్‌లో రాశాను: "ముందు గ్లాసు తిరగేసి ఉంది. ఎవడో తెలియనివాడు చేసిన పని. రింగు మీద గాట్లు: లేవు."

శుక్రవారం సాయంత్రం ఆమె వచ్చింది. రింగు తిప్పగానే ఆమె ముఖం వెలిగింది. కెమెరాకు పెట్టి నా షాపు బోర్డును ఒక ఫొటో తీసింది. స్క్రీను చూసింది. మళ్లీ తీసింది.

"ఏం చేశారండీ దీన్ని?"

"బాగుచేసిన. గ్లాసు ఉల్టా ఉండె. ఎవడో ఆగం చేసిండు. ఇగ చూడు, మూలమూలకు సాఫ్‌గ ఉంది."

"ముట్టుకోవద్దని చెప్పాను కదండీ!"

"తప్పును తప్పు లెక్కనే ఉంచాల్నా అమ్మా?"

నేను గోడకు అంటించిన టెస్ట్ చార్టు చూపించాను, మొదటి ఫొటో పక్కన రెండోది పెట్టాను. ఆమె వాటి వైపు చూడనే లేదు. ఫోనులో ఒక గోడ ఫొటో తెరిచి నా ముందు పెట్టింది. గోపన్‌పల్లిలో వాళ్ల ఫ్లాటు. గోడ మీద వరసగా నాలుగు చిత్రాలు: వాళ్లమ్మ, మేనత్త, అక్క, తను. నలుగురూ పట్టుచీరల్లో. ముఖాలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. భుజాల దగ్గరినుంచి మెల్లగా కరిగి, వెనక ఉన్నది తోటో మబ్బో తెలియకుండా పోయింది. చివర ఒక ఖాళీ మేకు.

"మా నాన్నది స్టూడియో అండీ. ఇంట్లో ఎవరి నిశ్చితార్థమైనా ఆ రోజు ఈ లెన్సుతోనే తీసేవారు. స్టూడియో మూసేసి ఇక్కడికి వచ్చినప్పుడు ఆయనే ఈ మేకులు కొట్టారు. ఐదోది మా చెల్లికి. రెండేళ్లయిందండీ ఆయన పోయి. ఎల్లుండే దాని నిశ్చితార్థం." ఫోను వెనక్కి తీసుకుని మళ్లీ అంది. "నా కెమెరాలో సెన్సారు చిన్నది, అంచులు పడటం లేదని మా టీమ్ లీడ్ దగ్గర ఫిల్మంత సెన్సారున్న కెమెరా తెచ్చాను. అన్నీ సరిచూసుకున్నాను. ఒక్క రింగే మిగిలింది."

"మీ నాయన దగ్గర పనిచేసినోళ్లు ఎవలన్న విప్పిండ్రేమో?"

"నాన్న తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోలేదండీ. మమ్మల్ని కూడా ముట్టుకోనిచ్చేవారు కాదు."

వాదించడానికి నోట్‌బుక్ తెరిచాను. నా చేతిరాతే నాకు అడ్డం తిరిగింది. రింగు మీద గాట్లు లేవు. పనిరానివాడు లెన్సు విప్పితే స్క్రూడ్రైవర్ జారి గాట్లు పడి తీరతాయి. పడలేదంటే విప్పినవాడికి పని తెలుసు. తెలిసే తిప్పాడు. సాక్ష్యం రాసుకుని మరీ, కోపంలో పక్కకు నెట్టాను.

చెత్తబుట్ట వైపు చూశాను. ఖాళీ. మున్సిపాలిటీ ఆటో పొద్దునే వచ్చి వెళ్లింది.

"ఆ కాగితం నేనే పారేసిన బిడ్డా," అన్నాను. అలాంటి మాట ఈ షాపులో నా నోట ఎప్పుడూ రాలేదు. "రేపు పొద్దుగాల రా. గోడ మీది నీ ఫొటో తీస్కరా. గందుల కట్టిన చీర ఉందా?"

"ఉందండీ. ఎందుకు?"

"అదే కట్టుకొని రా."

శనివారం పొద్దున తొమ్మిదింటికి ఆమె పట్టుచీరతో, దుప్పట్లో చుట్టిన ఫ్రేముతో ఆటో దిగింది. టిఫిన్ సెంటర్ యాదగిరి అట్లకాడ పట్టుకునే బయటికి వచ్చాడు.

"ఏందన్నా, షాపుల పెండ్లి పెట్టుకున్నవా? మాకు చెప్పనే లేదు?"

"నీ దోశ మాడుతుంది, చూస్కోపో," అన్నాను.

ఆ చీర అంచు మీద మామిడి పిందెల వరస ఉంది. ఫ్రేములోని ఫొటోలో మెడ దగ్గరినుంచి లెక్కపెడితే ఐదు పిందెలు గీసినట్టు కనిపిస్తాయి. ఆరోది చెదురుతుంది, ఏడోది ఉత్త రంగు. మాకు అదే కొలబద్ద. పోయిన కాగితం ఎన్ని పొరలో, ఎంత మందమో నేను కొలవలేదు. కానీ ఆ నలుపు, ఆ నునుపు చేతికి గుర్తున్నాయి. స్టూడియోల్లో వాడే పెద్ద ఫిల్ము రోలుకు వెనక చుట్టి వచ్చే కాగితం అది. నా పాత డబ్బాలో అలాంటి రోలు ఒకటి ఉంది. ఎన్ని పొరలు దోపితే గ్లాసు అంత ముందుకు జరుగుతుంది, అంచు కరిగే చోటు మారుతుంది. వలయాలు కత్తిరించాను.

గ్లాసు తిప్పి, ఒక పొర వేసి, స్టూలు మీద ఆమెను కూర్చోబెట్టాను. ఎంత దూరమో లెన్సే చెప్పింది. ఫోకస్ రింగు మీద ఐదడుగుల అంకె దగ్గర ఒక తెల్ల పెయింటు చుక్క ఉంది. గురువారం అది నా చేతికి దొరికినా తుడవనందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

ఒక పొరతో మూడో పిందె దగ్గరే కరిగిపోయింది. "ముఖం కూడా నాది కాదండీ" అంది లావణ్య. నాలుగు పొరలు వేస్తే ఎనిమిదో పిందె దాకా తేటగా వచ్చింది. రెండు వేసి చూశాం, దగ్గరికి వచ్చింది. వేసిన ప్రతిసారీ విప్పడం, ఊదడం, బిగించడం. కానీ ఫలితం మాత్రం క్షణంలో స్క్రీను మీద ఉంటుంది. పెద్దది చేసి పిందెలు లెక్కపెట్టుకోవచ్చు. నాకు అప్పుడు తట్టింది. ఆయనకు ఈ స్క్రీను లేదు. పొర మార్చి, ఫొటో తీసి, చీకటి గదిలో రోలు కడిగి, ఆరబెట్టి, అప్పుడు చూడాలి. మళ్లీ ఇంకో పొర.

"మీ నాయన ఎన్ని రోల్స్ తగలబెట్టిండో తెలుసా?"

ఆమె నవ్వింది. "అమ్మ ఇప్పటికీ తిడుతుందండీ. పెళ్లయిన కొత్తలో ఒక వానాకాలం గిరాకీ మానేసి, అమ్మని చీర కట్టించి కూర్చోబెట్టేవారంట. గోడ మీది అమ్మ ఫొటో అప్పటిదేనండీ. స్టూడియోలో వెనక తెర చినిగిపోయింది, అది కనపడకూడదని మొదలుపెట్టారంట. తరవాత కొత్త తెర కొన్నారు. ఇది మాత్రం మానలేదు."

మూడు పొరలు వేశాను. ఐదు పిందెలు నిలిచాయి. ఆరోది చెదిరింది. ఆమె ఫ్రేమును కెమెరా పక్కన పెట్టి, ఒకసారి దాన్నీ ఒకసారి స్క్రీనునూ చూసి, చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను లెన్సు మూత వెతుకుతూ అటు తిరిగాను.

సోమవారం ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. అదే గోడ. ఐదో మేకుకు ఐదో చిత్రం. వాళ్ల చెల్లి ముఖం వెలుగుతోంది, వెనక ఫంక్షన్ హాలు కుర్చీలూ తోరణాలూ కరిగి రంగులైపోయాయి. తెలియనివాళ్లు చూస్తే ఐదూ ఒకే చేతి పని అంటారు.

ఆ రోజునుంచి నా నోట్‌బుక్‌లో కొత్త గడి ఒకటి గీశాను. "ఎవరు విప్పారు" పక్కన "ఎందుకు". రెండోది అడగకుండా లెన్సు బల్ల మీదికి తీసుకోను. గిరాకీ వాళ్లు ముట్టుకోవద్దన్నప్పుడు ఇప్పటికీ నాకు మండుతుంది. కాకపోతే కారణం విన్నాకే మండనిస్తాను. పాత రాతలో "ఎవడో తెలియనివాడు" అన్నది కొట్టేసి, పైన "తెలిసినవాడు" అని రాశాను.

లావణ్య మా షాపు గురించి ఇంటర్నెట్‌లో నాలుగు నక్షత్రాలిచ్చి, "పని బాగా తెలుసు, చెప్పిన మాట వినరు" అని రాసింది. తేదీతో సహా అది కూడా నోట్‌బుక్‌లో ఉంది. మూడేళ్లు దాటినా మరిచిపోలేదు. కానీ మార్చమని ఎప్పుడూ అడగలేదు. ఐదో నక్షత్రం ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. ఆ శుక్రవారం పొద్దున చెత్త ఆటోలో పోయింది.