పొగగొట్టం ఉన్న ఇంట్లో దిష్టి

ఎనిమిదేళ్ళ కిందట, సెప్టెంబరు నెల మొదటి మంగళవారం, సాయంత్రం అయిదుంబావుకి నేను హిమాలయాల్లో ఒక ఇంటిల్లిపాదినీ ఏడిపించాను. ఎవరూ చావలేదు. ఆ మాట ముందే చెబుతున్నాను, మీరు స్థిమితంగా నవ్వుకోవచ్చు.

మాది ప్రత్తిపాడు పక్కన పల్లె. మిరపకోతల్లో నడుం వంచి వంచి నా బతుకంతా ఎండలోనే గడిచింది. కన్ను మూసేలోపు ఒక్కసారి మంచు చూడాలని కోరిక. మా తమ్ముడు దావీదు ఢిల్లీకి మిర్చి లారీలు తోలినవాడు, హిందీ వచ్చు. వాడూ, వాడి పెళ్ళాం సలోమీ, నేనూ బయల్దేరాం. చవక యాత్ర. రైల్లో స్లీపరు బోగీ, ఆపైన ఒంట్లో ఎముకలన్నిటినీ పేరుపేరునా పలకరించే సర్కారు బస్సు. హోటలు గడప తొక్కకూడదని బియ్యం, చింతపండు, దిండంత సంచీ నిండా ఎండుమిరపకాయలు మోసుకెళ్ళాం. రైల్లో ఆ సంచీమీదే తల పెట్టుకున్నాను. పక్క బెర్తువాళ్ళు ఢిల్లీదాకా తుమ్ముతూనే ఉన్నారు.

స్పితి అనే లోయలో, మబ్బులకి ఒక్క మెట్టు దిగువనున్న ఊళ్ళో దిగాం. తెంజిన్ అనే ఆయన ఇంట్లో చవగ్గా చోటు దొరికింది. ఒకటే పెద్ద గది. మధ్యలో ఇనప పొయ్యి, దానికో మూత, వెనకనుంచి కప్పు దాటిపోయే గొట్టం. తెంజిన్, ఆయన ముసలితల్లి, ఇద్దరు బెంగాలీ కుర్రాళ్ళు, మేం ముగ్గురం. చలికి అందరికీ ఆ పొయ్యే దిక్కు.

దిగిన కాసేపటికే దావీదు గోడకి చేరబడిపోయాడు. తల బద్దలవుతోందన్నాడు. కక్కాడు. అంత మనిషీ నీళ్ళందని మిరపనారులా వాలిపోయాడు. సలోమి ఏడుపందుకుంది. తెంజిన్ వాణ్ణి చూసి హిందీలో ఏదో చెప్పాడు.

"ఏమంటాడ్రా?" అన్నాను.

"ఎత్తెక్కువంటక్కా. గాలి పలచనంట. నీళ్ళు తాగి కదలకుండా పడుకోమంటున్నాడు. తగ్గకపోతే కిందికి దించాలంట."

"గాలి పలచనేంట్రా, నీ మొహం! బయట గాలికి జడలబర్రెలే ఊగిపోతున్నాయి. బస్సు దిగినచోట ఒకావిడ నిన్ను ఎగాదిగా చూసింది, నేను కనిపెట్టలేదనుకున్నావా?"

"వద్దు వదినా," అంది సలోమి. "దిష్టి తీశారని పాస్టరుగారికి తెలిస్తే?"

"ఆయన ఇంత ఎత్తు ఎక్కలేర్లేవే."

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. అయినా తెలియనిది లేదనుకునేదాన్ని. చదవడం నేర్చాక ఆ ధైర్యం పోయింది.

మా మిరప ఊళ్ళలో దిష్టికి పరీక్ష ఒకటుంది. ఉప్పూ మిరపకాయలూ గుప్పిట్లో పట్టి మనిషి చుట్టూ తిప్పి నిప్పులో వేస్తాం. ఘాటొచ్చి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. ఘాటు రాలేదో, గట్టిగా పట్టుకున్నట్టు. సూదిమందు తప్పుతుందేమోగాని ఇది తప్పదని నా నమ్మకం.

తెంజిన్ గొడ్లకి మేత వెయ్యడానికి బయటికెళ్ళాడు. అదను చూసి గుప్పెడు తిప్పాను, పొయ్యిలో పడేసి మూత పెట్టాను. ముక్కులు ఎగబీల్చాం. ఘాటు లేదు!

"చూశావటే? చిన్న దిష్టి కాదు."

ఇంకో గుప్పెడు వేశాను. లేదు. దోసెడు వేశాను. ఒక్క తుమ్ము లేదు.

"మన గుంటూరు కాయకే లొంగలేదంటే ఎంత చెడ్డకన్నో వదినా!" సలోమి పాస్టరుగారిని మర్చిపోయింది. "ఇంకా వెయ్యండి!"

"అక్కా, ఆ గొట్టం..." అని దావీదు మూలిగాడు.

"నువ్వు మాట్లాడమాకు. నీ చేత దిష్టి మాట్లాడిస్తోంది."

సంచీ బోర్లించాను.

పొగంతా గొట్టంలోంచి పైకి పోతోందని మీకు ఎప్పుడో తెలిసిపోయింది. నాకు తెలియలేదు. కాయలు అంటుకున్నాయో లేదో చూద్దామని మూత ఎత్తి, ముఖం వంచాను.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను కొండమీద మందేస్తే ఉన్న ఇల్లే ఊడింది. అసలే పలచన గాలి, అందులో సగం నా మిరపకాయలే. బెంగాలీ కుర్రాళ్ళు కిటికీలోంచి దూకారు. సలోమి ముసలమ్మని లాక్కుపోయింది. తెంజిన్ పరుగెత్తుకొచ్చి దావీదుని వీపునేసుకున్నాడు. నేను గుమ్మమనుకుని బీరువా తలుపు తీశాను.

వాకిట్లో ముసలమ్మ నావైపు వేలు చూపించి చాలాసేపు మాట్లాడింది.

"ఏమందిరా?"

"అది హిందీ కాదక్కా," దావీదు దగ్గుతూ అన్నాడు. "అయినా నేను చెప్పను."

ఇక ఆ గదిలో ఎవరూ ఉండలేరు. దావీదేమో కళ్ళు తేలేస్తున్నాడు. తెంజిన్ అందర్నీ జీపులో కుక్కి, లోయలో బాగా దిగువనున్న తన చెల్లెలింటికి తోలాడు. దిగేకొద్దీ దావీదు మెడ నిలబడింది. జీపు ఆగేసరికి "అక్కా, ఆకలి!" అన్నాడు. నా కళ్ళు అప్పటికే వాచి ఉన్నాయి కాబట్టి ఏడ్చినట్టు ఎవరికీ తెలియలేదు.

తెంజిన్ నవ్వి ఏదో అన్నాడు. దావీదు తెలుగు చేశాడు. "దించితే తగ్గుద్దని ముందే చెప్పానంటున్నాడక్కా."

"చెప్పినోడు దించాడా? నా మిరపకాయలేగా దించింది!"

సలోమి కళ్ళు తుడుచుకుంటూ మెల్లిగా అడిగింది. "అది సరే వదినా. అంత ఘాటొచ్చిందంటే, అసలు దిష్టి లేనట్టేగా?"

దావీదుకి ఆకలని చెప్పి నేను లోపలికెళ్ళిపోయాను.

కాబట్టి దేవుని యెదుటా, మీ యెదుటా ప్రమాణం చేస్తున్నాను. పొగగొట్టం ఉన్న ఇంట్లో, మూత ఉన్న పొయ్యిలో ఇక నా ప్రాణం ఉండగా దిష్టి తియ్యను. మా ఊరి పొయ్యిలకి మూతల్లేవు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళం: రాహేలమ్మనైన నేను, దావీదు, సలోమి, తెంజిన్, ఆయన తల్లి దోల్మా, బెంగాలీ కుర్రాళ్ళు బాపీ, తపనూ, వాకిట్లో గొట్టం పొగ దిగేచోట పడుకున్న పేరు తెలియని కుక్క ఒకటి. మిగతా అందరూ నన్ను క్షమించారు.